12345654321: ఈ సంఖ్య ఏ జాతిది?

వన్‌టౌన్ లెక్కలు (విజయవాడ), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను వన్ టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో పద్దులు రాస్తాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నిన్న సాయంత్రం నేను రోజు లెక్క ముగిస్తుంటే నా కాలిక్యులేటర్ తీసుకుని, ఆరు ఒకట్లు కొట్టి, మళ్లీ ఆరు ఒకట్లతో గుణించింది. 12345654321 వచ్చింది. ఇద్దరం పని ఆపేసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

ఇంటికెళ్లాక వాళ్లమ్మకు చూపిద్దామని పాత కాలిక్యులేటర్ మీద కొడితే E అనే ఇంగ్లీషు అక్షరం పడి ఆగిపోయింది. అది పది అంకెలది, మన సంఖ్యకు పదకొండు అంకెలు. కోట్లలో చదివితే 1,234 కోట్ల 56 లక్షల 54 వేల 321.

అమ్మాయి అడిగింది: "నాన్నా, సరి, బేసి, ప్రధాన సంఖ్య, వర్గసంఖ్య అని స్కూల్లో రకాలు చెప్పారు కదా. ఇది ఎన్ని రకాల్లోకి వస్తుంది?" బేసి, వర్గసంఖ్య అని రెండు చెప్పగలిగాను. నేను చదివింది కామర్స్. మిగతావి తెలిసినవాళ్లు చెబితే తనకు చదివి వినిపిస్తాను.

యార్డు గుమస్తా (గుంటూరు), రాత్రి 10:05

రకాల సంగతి పెద్దవాళ్లు చెబుతారు. అసలు అలా ఎందుకు వస్తుందో అమ్మాయికి ముందు కాగితం మీద చూపించండి. కాలిక్యులేటర్ పక్కన పెట్టి చేత్తో గుణకారం వేయించండి. 111111 ఆరు వరుసలు వస్తుంది, ఒక్కో వరుస ఒక్కో గడి ఎడమకు జరుగుతుంది. ఇప్పుడు నిలువుగా కూడితే కుడి చివర గడిలో ఒకే ఒకటి ఉంటుంది. దాని పక్కన రెండు, ఆ పక్కన మూడు, నడిమధ్యలో ఆరు వరుసలూ కలుస్తాయి కాబట్టి ఆరు. అక్కణ్ణుంచి మళ్లీ తగ్గుతాయి.

ఎక్కడా తొమ్మిది దాటదు కాబట్టి మోసుకెళ్లే అంకె ఉండదు. అందుకే అంత శుభ్రంగా కనిపిస్తుంది. తొమ్మిది ఒకట్ల దాకా ఇలాగే వస్తుంది: 12345678987654321. పది ఒకట్లతో చేస్తే మధ్యలో పది వచ్చి అంకె పక్కకు దొర్లుతుంది, వరుస చెడుతుంది: 1234567900987654321. నేను మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లుగా కూడికలు వేస్తున్నాను. మోసుకెళ్లే అంకె దగ్గరే అన్ని తప్పులూ పుడతాయి. అది లేని లెక్క చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

కృష్ణలంక (విజయవాడ), రాత్రి 10:31

బీటెక్ థర్డ్ ఇయర్ అండి. పైథాన్‌లో ప్రోగ్రామ్ రాసి చూశాను.

12345654321 = 3² × 7² × 11² × 13² × 37²

మొత్తం భాజకాలు 243. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే కాబట్టి పాలిండ్రోమ్ కూడా, మన "వికటకవి" లాగా. ఇంకో రకం కూడా ఉంది: భాజకాలన్నీ కూడితే (ఆ సంఖ్యను వదిలేసి) సంఖ్య కన్నా తక్కువ వస్తే న్యూన సంఖ్య, ఎక్కువ వస్తే అధిక సంఖ్య, సరిగ్గా అంతే వస్తే పరిపూర్ణ సంఖ్య అంటారు. 12 అధిక సంఖ్య, ఎందుకంటే 1+2+3+4+6 = 16. మనది బేసి సంఖ్య కాబట్టి న్యూన సంఖ్యే అయ్యుంటుంది.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు), ఆదివారం ఉదయం 6:15

బాబూ కృష్ణలంకా, జవాబు చెప్పావు, సంతోషం. ఆ పాప దాన్ని చేత్తో ఎలా పగలగొట్టుకోవాలో నేను చెబుతాను.

111111 ని మూడు మూడు అంకెలుగా విడదీయండి. 111 వేలు, ఇంకో 111. అంటే 111 × 1001. ఈ 1001 ని మనసులో అచ్చు వేసుకోవాలి, అది 7 × 11 × 13. మూడంకెల సంఖ్య ఏదైనా పక్కపక్కనే రెండుసార్లు రాస్తే (చూడు తల్లీ, 528528 అనుకో) అది 7 తోనూ 11 తోనూ 13 తోనూ భాగించబడేది అందుకే. ఇక 111 అంటే 3 × 37. మొత్తం ఐదు చిన్న ప్రధాన సంఖ్యలు: 3, 7, 11, 13, 37. వర్గం చేశాం కాబట్టి ప్రతిదీ రెండుసార్లు.

243 ఎక్కడిదంటే: ఒక భాజకాన్ని తయారు చేయాలంటే 3 ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి తీసుకోవచ్చు, రెండుసార్లు తీసుకోవచ్చు. మూడు దారులు. ఐదు ప్రధాన సంఖ్యలకూ అంతే. మూడుని ఐదుసార్లు గుణిస్తే 243. పన్నెండు వందల కోట్ల సంఖ్య చూసి భయపడనక్కర్లేదు, లోపల ఉన్నవి ఐదే గింజలు.

పర్చూరు రోడ్డు, ఆదివారం ఉదయం 8:50

ఈ సంఖ్య మన ప్రాంతానికి పాత చుట్టమే. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడనే జైన గణితవేత్త సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అందులో గుణకారం నేర్పేచోట విద్యార్థికి ఒక లెక్క ఇస్తాడు: 2,79,94,681 ని 441 తో గుణించు. వచ్చేది 12345654321. ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి, ఆ తర్వాత వరుసగా తగ్గే సంఖ్య అని దాన్ని వర్ణించాడు. ఇలాంటి లెక్కలు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి. 12345679 ని 9 తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు, 152207 ని 73 తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు, 139 ని 109 తో గుణిస్తే 15151. మెడలో వేసుకునే దండల్లా ఉంటాయని హారాలతో పోల్చాడు. రెండు కొసల నుంచీ ఒకేలా కనిపించేదే కదా దండ.

ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో తొలి శాస్త్ర గ్రంథాల్లో దానికి చోటు ఉంది. ఆయన పేరులోని పావులూరు ఇంకొల్లు దగ్గరి మా పావులూరే అని ఇక్కడ చెప్పుకుంటాం. సంస్కృత మూలాన్ని రంగాచార్యగారు ఇంగ్లీషు అనువాదంతో 1912లో మద్రాసులో అచ్చు వేయించారు. మా తాతగారి దగ్గర ఎవరో ఇచ్చిన నకలు ఉండేది, ఆ హారాల లెక్కలు ఆయన నాతో పలక మీద వేయించారు. పలక సరిపోక నేల మీద సుద్దతో రాసేవాళ్లం.

వన్‌టౌన్ లెక్కలు, ఆదివారం ఉదయం 10:20

నమ్మలేకపోతున్నాను. వెయ్యేళ్లకు పైబడ్డ లెక్కను మా పిల్ల కాలిక్యులేటర్ మీద వేలితో కొట్టిందన్నమాట! తనకు చెబితే వెంటనే అడిగింది, ఆయన 441 నే ఎందుకు ఎంచుకున్నాడు అని. మాస్టారూ, మీరే చెప్పాలి.

బ్రాడీపేట మాస్టారు, ఆదివారం ఉదయం 10:48

మంచి ప్రశ్న తల్లీ. ఐదు గింజల్ని రెండు గుప్పిళ్లుగా పంచు. ఒక గుప్పిట్లో 3, 7. గుణిస్తే 21, దాని వర్గం 441. రెండో గుప్పిట్లో 11, 13, 37. గుణిస్తే 5291, దాని వర్గం 2,79,94,681. రెండూ వర్గాలే, గుణిస్తే వచ్చేదీ వర్గమే. ఆచార్యుడి మనసులో ఏముందో మనం చెప్పలేం కానీ, ఈ సంఖ్యను లోపలి దాకా విప్పి చూసినవాడే ఇలాంటి లెక్క తయారు చేయగలడు. నువ్వు వేరే రకంగా పంచి నీ సొంత లెక్క ఒకటి తయారు చేసి మీ క్లాసు వాళ్లకు ఇవ్వు.

బెంజిసర్కిల్ శ్రీ (విజయవాడ), ఆదివారం మధ్యాహ్నం 2:30

ఇంటర్ పిల్లలకు గణితం చెబుతాను. కృష్ణలంక తమ్ముడి చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. బేసి సంఖ్య అయినంత మాత్రాన న్యూన సంఖ్య కానక్కర్లేదు. బేసి సంఖ్యల్లో మొదటి అధిక సంఖ్య 945. దాని భాజకాల మొత్తం (945 ని వదిలేసి) 975. అలాంటివి అరుదు కాబట్టి చాలామంది లేవనుకుంటారు.

మన సంఖ్యకు లెక్క వేద్దాం. ప్రతి ప్రధాన సంఖ్యకూ 1 + అది + దాని వర్గం తీసుకుని అన్నీ గుణిస్తే భాజకాలన్నిటి మొత్తం (ఆ సంఖ్యతో సహా) వస్తుంది:

13 × 57 × 133 × 183 × 1407 = 25,37,55,24,993

ఇందులోంచి అసలు సంఖ్య తీసేస్తే 13,02,98,70,672. అసలు సంఖ్య 12,34,56,54,321. అంటే భాజకాలే 68 కోట్లకు పైగా ఎక్కువ. మనది అధిక సంఖ్య!

నన్ను ఇంకా కదిలించింది ఇది. 37 ని పక్కన పెట్టి మిగతా నాలుగింటితోనే చూడండి. 3 × 7 × 11 × 13 = 3003. దాని వర్గం 90,18,009. దీని భాజకాల మొత్తం (దాన్ని వదిలేసి) 90,17,190. కేవలం 819 తక్కువ! తొంభై లక్షల్లో 819 తేడాతో న్యూన సంఖ్యగా మిగిలిపోయింది. అంత అంచు మీద ఉంది కాబట్టే 37 వచ్చి చేరగానే అటు దాటేసింది. ఈ 819 నేను మూడుసార్లు సరిచూసుకున్నాను.

కృష్ణలంక, ఆదివారం మధ్యాహ్నం 2:52

క్షమించండి అక్కా, ప్రోగ్రామ్ చేతిలో ఉండి కూడా ఆ ఒక్కటి వేసి చూడకుండా రాసేశాను. ఇప్పుడు వేశాను, మీ అంకెలన్నీ కరెక్టే. ఒక సందేహం. 819 కూడా కలిసొచ్చి ఉంటే 3003 వర్గం బేసి పరిపూర్ణ సంఖ్య అయ్యేదా? అలాంటిది ఎవరికీ దొరకలేదని చదివాను.

బెంజిసర్కిల్ శ్రీ, ఆదివారం మధ్యాహ్నం 3:10

దొరకలేదు, లేదని నిరూపణా రాలేదు. కానీ వర్గసంఖ్యకు ఆ అవకాశం మొదటి నుంచీ లేదు తమ్ముడూ. బేసి వర్గం తీసుకో. పైన గుణించిన 13, 57, 133 చూడు, అన్నీ బేసి. బేసిలన్నీ గుణిస్తే బేసే. పరిపూర్ణ సంఖ్య అయితే ఆ మొత్తం అసలు సంఖ్యకు సరిగ్గా రెండింతలు, అంటే సరి సంఖ్య కావాలి. ఎంత దగ్గరికి వచ్చినా కుదరదు.

బెజవాడ జంక్షన్, ఆదివారం సాయంత్రం 5:40

రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. ఈ జాతికి ఒక పేరుంది, అది రైల్వే స్టేషన్ నుంచి వచ్చింది. 1, 121, 12321, 1234321... ఈ వరుస సంఖ్యలకు డెమ్లో సంఖ్యలని పేరు పెట్టినవాడు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్, మహారాష్ట్రలో దేవళాలిలో బడిపంతులు. బొంబాయి దగ్గర డెమ్లో అనే స్టేషన్‌లో ఆయనకు ఈ సంఖ్యల ఆలోచన తట్టింది, ఆ స్టేషన్ పేరే పెట్టాడు. మనది ఆ వరుసలో ఆరోది.

ఆయనే ఇంకో జాతికీ పేరు పెట్టాడు, హర్షద సంఖ్య అని. హర్షాన్ని ఇచ్చేది. అంకెల మొత్తంతో ఆ సంఖ్య నిశ్శేషంగా భాగించబడాలి. 12321 కి అంకెల మొత్తం 9, భాగిస్తే 1369, అది హర్షదే. మన సంఖ్యకు అంకెల మొత్తం 36. బేసి సంఖ్యను 36 తో భాగిస్తే శేషం మిగలక తప్పదు. కాబట్టి ఆ జాతిలోకి రాదు. పాపకు చెప్పండి, ఏయే జాతుల్లోకి రాదో తెలుసుకోవడం కూడా లెక్కే.

కృష్ణలంక, ఆదివారం రాత్రి 8:15

నిన్న రాత్రి చేసిన తప్పుకు బదులుగా కష్టపడి ఒకటి తెచ్చాను. కర్ణం 111111 ఉన్న లంబకోణ త్రిభుజాలు, భుజాలన్నీ పూర్ణాంకాలే అయ్యేలా, సరిగ్గా నాలుగున్నాయి.

42735, 102564
36036, 105105
7161, 110880
73689, 83160

ప్రతి జతనూ వర్గాలు చేసి కూడితే 12345654321 వస్తుంది. రెండో జతలో రెండు సంఖ్యలూ చూడండి ఎంత బాగున్నాయో. 12, 35, 37 త్రిభుజాన్ని 3003 రెట్లు పెంచితే వచ్చిందది. నాలుగు త్రిభుజాలూ 13, 37 వల్లే పుట్టాయి. నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలు మన ఐదింటిలో ఆ రెండే.

యార్డు గుమస్తా, ఆదివారం రాత్రి 9:00

నా మనసులో ఒకటి మెదులుతోంది, అడగనా? పాలిండ్రోమ్, డెమ్లో, హర్షద, ఇవన్నీ మనం అంకెలు రాసే పద్ధతిని బట్టి వచ్చినవి కదా. రెండు చేతులకూ కలిపి పది వేళ్లుండబట్టి పదుల్లో రాస్తున్నాం. ఎనిమిదే వేళ్లుంటే ఈ దండ కనిపించేదే కాదేమో. వర్గసంఖ్య, అధిక సంఖ్య మాత్రం ఎలా రాసినా మారవు. మరి దండ మీద ఇంత మురిసిపోవడం సరైనదేనా?

బ్రాడీపేట మాస్టారు, సోమవారం ఉదయం 5:50

గుమస్తాగారూ, రాత్రి మీ ప్రశ్న చదివి పడుకున్నాను, తెల్లారేసరికి జవాబు దొరికింది.

పదులు వదిలేసి ఏడుల్లో రాద్దాం. ఒకట్ల స్థానం, ఏడుల స్థానం, నలభై తొమ్మిదుల స్థానం అలా. ఏడుల పద్ధతిలో 111111 అంటే 1 + 7 + 49 + 343 + 2401 + 16807 = 19608. దాని వర్గం 38,44,73,664. దాన్ని ఏడుల పద్ధతిలో రాయండి. 12345654321 అనే వస్తుంది!

మీరు మొదటి రోజు చెప్పిన కారణమే. నిలువు గడుల్లో ఆరు దాటలేదు, మోసుకెళ్లేది లేదు. ఆరు అనే అంకె ఉన్న ఏ పద్ధతిలోనైనా, ఏడుల్లో, ఎనిమిదుల్లో, పన్నెండుల్లో, ఈ దండ ఇలాగే ఉంటుంది. కాబట్టి దండ మన పది వేళ్లది కాదు. 1 + క + క² + క³ + క⁴ + క⁵ అనే బహుపది వర్గంలోని గుణకాలవి.

మారేవి లోపలి ప్రధాన సంఖ్యలు. ఆ బహుపది (1 + క)(1 + క + క²)(1 − క + క²) గా విడిపోతుంది. క స్థానంలో 10 పెడితే 11 × 111 × 91, మన ఐదు గింజలూ అక్కడివే. 7 పెడితే 8 × 57 × 43. సంఖ్య సరి అయిపోయింది, 37 మాయమైంది. జంక్షన్‌గారూ, మీకోసం ఇంకొకటి: 38,44,73,664 ని 36 తో భాగించండి. 1,06,79,824 వస్తుంది, శేషం లేదు. పదుల్లో కాని హర్షద, ఏడుల్లో అయింది.

నేను ముప్ఫై నాలుగేళ్లు పాఠం చెప్పాను, దండ పైపై అందం, ప్రధాన సంఖ్యలే అసలు స్వభావం అని. ఇక్కడ దండ అన్ని పద్ధతుల్లోనూ నిలబడింది, గింజలే పద్ధతిని బట్టి మారాయి. నేను కూడా ఈ వయసులో నేర్చుకున్నాను.

బెంజిసర్కిల్ శ్రీ, సోమవారం ఉదయం 7:20

మాస్టారూ, మీకు చేతులెత్తి నమస్కారం. ఒక్క మాట జోడిస్తాను, మీరు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. ఏడుల్లో రాసిన 12345654321, పదుల్లో రాసిన 12345654321 వేర్వేరు సంఖ్యలు. ఒకటి 38 కోట్లది, ఇంకోటి 1,234 కోట్లది. ఒకే దండ, మెడలే వేరు. ఆ 1,234 కోట్ల సంఖ్య అధిక సంఖ్య కావడం మాత్రం దాని సొంతం.

పాపకు ఒక పని. రెండు పాచికలు తీసుకుని, పడే రెండు అంకెల మొత్తం 2 నుంచి 12 దాకా ఏది ఎన్ని రకాలుగా రావచ్చో పట్టిక వేయమనండి. ఏమొస్తుందో నేను చెప్పను.

వన్‌టౌన్ లెక్కలు, సోమవారం రాత్రి 9:15

కొట్టు నుంచి వచ్చేసరికి పట్టిక తలుపుకు అంటించి ఉంది. మొత్తం 2 ఒకే రకంగా, 3 రెండు రకాలుగా, 4 మూడు, అలా 7 ఆరు రకాలుగా, మళ్లీ తగ్గుతూ 12 ఒకే రకంగా. 1, 2, 3, 4, 5, 6, 5, 4, 3, 2, 1. అన్నీ కూడితే 36, ఆరు ఆర్లు. జంక్షన్‌గారు చెప్పిన అంకెల మొత్తం కూడా 36 కదా నాన్నా అని నన్నే అడిగింది. నాకు ఒళ్లు జలదరించింది. వాళ్లమ్మ కూడా గరిటె పట్టుకునే వచ్చి పట్టిక చదివింది.

ఇప్పుడు కొత్త ప్రశ్న. మూడు పాచికలైతే? 111111 ని మూడుసార్లు గుణిస్తే వస్తుందనుకుని చేత్తో చేసింది, 1371737997260631 వచ్చింది. దండ రాలేదు. ఎక్కడ తప్పు చేశానో అని టెన్షన్ పడుతోంది.

యార్డు గుమస్తా, సోమవారం రాత్రి 9:40

తప్పు లేదమ్మా, గుణకారం సరిగ్గానే చేశావు. మూడు పాచికలకు మధ్యలో 27 దాకా వెళ్తుంది, ఒక్కో గడిలో ఒక్క అంకెకే చోటుంది కాబట్టి మిగతాది పక్కకు దొర్లింది. గడి వెడల్పు చెయ్యి. 111111 బదులు ఒకట్ల మధ్య సున్నా పెట్టి 10101010101 తీసుకో. దాని ఘనం:

1030610152125272725211510060301

కుడి నుంచి రెండేసి అంకెలు గీత గీసి చదువు. 1, 3, 6, 10, 15, 21, 25, 27, 27, 25, 21, 15, 10, 6, 3, 1. మూడు పాచికలతో 3 నుంచి 18 దాకా మొత్తాలు వచ్చే దారులు. కూడితే 216 రావాలి, కూడి చూసి రేపు నాన్నగారితో ఇక్కడ రాయించు.